వెబ్‌సైటు పనికి వెల కట్టడమెలా?

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు కంప్యూటర్ పని అంటే నెల జీతమనే అందరూ అనుకున్నారు. నేడు ఏ కంపెనీలోనూ చేరకుండా ఇంటి నుంచే వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చే యువతీ యువకులు టోలిచౌకిలోనూ, మెహదీపట్నంలోనూ, పాతబస్తీలోనూ ఉన్నారు. గడప దాటనక్కరలేని పని కనుక ఆడపిల్లలను ప్రోత్సహించే తల్లిదండ్రులూ ఉన్నారు. అయితే పని బాగా వచ్చినవారిలో కూడా చాలామందికి వెల చెప్పడం రాదు.

పక్కవాడు 8 వేలకు చేస్తానంటే తాను 6 వేలకే చేస్తానంటాడు. ఇది బేరం కాదు, భయం. అసలు లెక్క ఇంటి నుంచి మొదలు కావాలి.

ఇంటికి నెలకు 40 వేలు కావాలనుకోండి. కరెంటు, ఇంటర్నెట్, కొన్నేళ్లకొకసారి మార్చవలసిన లాప్‌టాప్, ఆదాయపు పన్ను, ఆస్పత్రి ఖర్చు వగైరాలకు మరో 15 వేలు. మొత్తం 55 వేలు. నెలకు 200 గంటలు కూర్చుంటాం కదా అని గంటకు 275 రూపాయలు చెబితే మునిగినట్లే. కస్టమర్లను వెతకడానికి, ఫోన్లు మాట్లాడడానికి, బిల్లుల వెంట తిరగడానికి ఎవరూ డబ్బివ్వరు. బిల్లు వేయగలిగేవి వంద గంటలే అనుకుంటే గంటకు 550 పడాలి. తగ్గితే ఆ లోటు మోసేది ఇంట్లోవారే. ఉద్యోగికి పండుగ రోజున కూడా జీతం వస్తుంది, వీరికి రాదు. ఇక ఫైవర్ ద్వారా పని దొరికితే నూటికి 20 రూపాయలు దానికే పోతాయి. అప్పుడు చేతికి 550 రావాలంటే 690 దాకా చెప్పాలి.

ఈ గంటల లెక్క మీకోసమే. కస్టమర్‌కు మొత్తం పనికి ఒక ధర చెప్పడమే మేలు. షేర్వానీ ఎన్ని గంటలు కుట్టావని దర్జీని ఎవరైనా అడుగుతారా? 40 గంటల పని అయితే 22 వేలు, అంతే. ఏఐ వచ్చాక పని త్వరగా తెములుతోంది. గంటల చొప్పున పుచ్చుకునేవాడికి నేర్పు పెరిగిన కొద్దీ రాబడి తగ్గుతుంది! గంటలకే ఒప్పుకున్నారా, చేయని గంట బిల్లులో వేయకండి. అది తూకంలో మోసంతో సమానం.

మొత్తం ధర చెప్పినప్పుడు ఎన్ని పేజీలో, ఎన్నిసార్లు మార్పులో, డొమైన్, హోస్టింగ్ ఖర్చు ఎవరిదో ముందే రాసుకోవాలి. కుట్టిన షేర్వానీ విప్పి కుర్తా చేయమంటే దర్జీ ఊరకే చేస్తాడా? దివ్యఖుర్‌ఆన్‌లోకెల్లా పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమని చెప్పేదే. పని అప్పగించిన రోజు నుంచి డబ్బు అందే దాకా అదీ అప్పే కదా!

చిక్కంతా బంధువులతోనే. మామూ హోటల్‌కు సైటు కావాలి, "మన పిల్లాడే కదా" అంటారు. ఊరికే చేయదలచుకుంటే సంతోషంగా చేయండి, అది కానుక. తగ్గించి చేస్తే మాత్రం బిల్లులో 22 వేలని వేసి, 10 వేలు తగ్గింపు చూపండి. లేకపోతే మామూ తన స్నేహితులందరికీ మీ రేటు 12 వేలని చెప్పేస్తాడు.

మూడో వంతు బయానా, మూడో వంతు నమూనా చూపినప్పుడు, మిగతాది సైటు అప్పగించే ముందు పుచ్చుకోవాలి. విదేశీ కస్టమర్ల విషయంలో బయానాయే దిక్కు.

స్వదేశీ కంపెనీలు బాకీ పెడితే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఉంది. దీనికోసం ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి, రుసుము లేదు. పని ఒప్పుకోకముందే చేసుకోవడం మంచిది. ఒప్పందంలో ఏం రాసుకున్నా గడువు 45 రోజులు మించరాదు. గడువే రాసుకోకపోతే 15 రోజులు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. వడ్డీ వద్దనుకునేవారు తమకు రావలసిన అసలు కోసమే అర్జీ పెట్టుకోవచ్చు.