ఊడిపోయే పళ్లే గదా అనుకోవద్దు

“పాలపళ్లే గదా! ఎలాగూ ఊడిపోయేవే. వాటికింత శ్రద్ధ ఎందుకు?” మన పల్లెల్లో తరచు వినిపించే మాట ఇది. మేమూ అలాగే అన్నవారమే. మా రెండవ అమ్మాయికి నాలుగేళ్లప్పుడు ఒక రాత్రి దవడ వాచి, జ్వరము వచ్చి, తెల్లవార్లూ ఏడ్చింది. దవడ పన్ను నల్లబడుట అంతకుముందే చూచి కూడ ఊరకున్నాము. చీము పట్టిన ఆ పన్నును తీయించక తప్పలేదు. ఆ ఖాళీలోనికి పక్క పన్ను ఒరిగినందున పదకొండవ యేట రావలసిన పన్ను వంకరగా వచ్చింది. మా అశ్రద్ధను బిడ్డ అనుభవించవలసి వచ్చింది.

పాలపళ్లు మొత్తము 20. ఆరవ నెల ప్రాంతములో మొదటిది మొలుస్తుంది. మూడేళ్లకు అన్నీ వచ్చేస్తాయి. ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడినా, దవడ పళ్లు పది పన్నెండేళ్ల వరకు ఉండవలసినవే. అన్నము నమలుటకు, మాట స్పష్టముగా పలుకుటకు, రాబోయే పళ్లకు చోటు కాచియుంచుటకు అవే ఆధారము. వాటి పైపొర పలుచన గనుక పుచ్చు త్వరగా లోనికి దిగుతుంది.

నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లముగా మార్చుతాయి. ఆ ఆమ్లము పన్నును కరిగిస్తుంది. నిద్రలో లాలాజలము తక్కువగా ఊరుతుంది గనుక, పంచదార కలిపిన పాలసీసా నోట పెట్టుకొని నిద్రపోయే బిడ్డకు పై ముందుపళ్లు మొదట పాడవుతాయి. ఏడ్పు మాన్పుటకు పీకకు తేనె రాయుట కూడ మంచిది కాదు.

మరి తల్లిదండ్రులు చేయవలసినదేమి? మొదటి పన్ను కనబడగానే మెత్తని చిన్న బ్రష్‌తో ఉదయమూ, పడుకోబోయే ముందూ తోమండి. ఫ్లోరైడు పేస్టు మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆ తరువాత బఠాణీ గింజంత చాలును. ఉమ్మివేయుట నేర్పండి. నల్గొండ ప్రాంతమువలె నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా గల ఊళ్లవారు పేస్టు విషయము దంతవైద్యుని అడగండి. బొగ్గు, ఇటుకపొడి వాడవద్దు. అవి పైపొరను అరగదీస్తాయి.

బ్రష్ చేతికిచ్చి “పో, తోముకో” అంటే చాలదు. ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు బిడ్డ చేయి మూలలకు సరిగా తిరగదు. తల ఒళ్లో పెట్టుకొని మనమే తోమాలి. పొలము నుండి అలసి వచ్చిన రాత్రి ఇది కష్టమే. అయినా రెండు నిమిషముల పనే గదా! తండ్రులారా, ఇది తల్లి పని మాత్రమే కాదు.

నెలకొకసారి పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సున్నము రంగు మచ్చ కనబడితే అది పుచ్చుకు తొలి గుర్తు. అప్పుడే వైద్యునికి చూపితే ఆపవచ్చును. ఇంకొక సంగతి: ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే అన్నిటికంటె వెనుక మొలిచే పెద్ద దవడ పన్ను పాలపన్ను కాదు. అది పోతే మరి రాదు.

మా చిన్నవాడికిప్పుడు ఐదేళ్లు. కుటుంబ ప్రార్థన కాగానే వచ్చి ఒళ్లో తలపెట్టి నోరు తెరుస్తాడు. వాళ్ల అక్క పక్కన కూర్చొని వాడి పళ్లు లెక్కపెడుతుంది. ఇరవైయ్యీ ఉన్నాయి.