చిన్న కమతంలోకి వచ్చిన డిస్క్ హారో

వరంగల్ ప్రాంతపు ఎర్ర చెల్కల్లోనూ నల్లరేగళ్లలోనూ నాగలి చీల్చిన దుక్కిని విత్తడానికి వీలుగా సిద్ధం చేసే పని తరతరాలుగా ఎద్దులు లాగే గుంటకది కాగా, ట్రాక్టరు వెంట వచ్చిన డిస్క్ హారో, అంటే ఇరుసుకు వరుసగా బిగించిన ఉక్కు పళ్లేలతో పెళ్లలు చిదిమే పనిముట్టు, ఆ పనిలో చాలా భాగాన్ని తన చేతిలోకి తీసుకుంది. గుంటక కత్తి మట్టి కింద ఈడ్చుకుంటూ పోతుంది, పళ్లెం దొర్లుతుంది.

లోపలికి గుంటపడి, వాడి అంచు గల ఈ పళ్లేలను ప్రయాణ దిశకు కొంత ఏటవాలుగా నిలపడం వల్ల, అవి నేల రాపిడికే తిరుగుతూ, అంచుతో మట్టిని కోసి, గుంటతో పక్కకు ఎత్తిపోస్తాయి. ఆఫ్‌సెట్ అనే రకంలో ముందు వరుస ఒక వైపు విసిరిన మట్టిని వెనుక వరుస ఎదురువైపు విసురుతుంది కనుక నేల చదునుగా మిగులుతుంది, పక్కవాటు బలాలూ చాలావరకు సరిపోతాయి. ఏటవాలు పెంచితే లోతూ, ఇంజనుపై భారమూ పెరుగుతాయి. నాగలి కర్రుకు తనంతట తానే నేలలోకి దిగే గుణం ఉన్నది. పళ్లేన్ని దింపేది ప్రధానంగా యంత్రపు బరువే. అందుకే ఎండి బిగిసిన రేగడిపై తేలికపాటి హారో గీతలు గీసి ఊరుకుంటుంది.

19వ శతాబ్ది ద్వితీయార్ధంలో అమెరికా విశాల మైదానాల్లో వ్యాప్తికి వచ్చిన ఈ యంత్రం చిన్న కమతానికి ఉద్దేశించినది కాదు. వెనుక ఈడ్చుకుపోయే హారోను మలుపు తిప్పడానికే బోలెడు జాగా కావలసి వచ్చేది. ఆ చిక్కును విప్పినది పళ్లెంలో వచ్చిన మార్పు కాదు, ఐర్లండ్ ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ ఏర్పాటు: పనిముట్టును మూడు చోట్ల ట్రాక్టరుకు తగిలించి, నూనె పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ చేతులతో గట్టు దగ్గర పైకెత్తి, మలుపు తిరిగాక దింపే ఈ పద్ధతి 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరుతోనూ, 1939లో ఫోర్డ్ ట్రాక్టరుతోనూ మార్కెట్టుకు వచ్చింది. మాసీ ఫెర్గూసన్ భాగస్వామ్యంతో 1960లో మద్రాసులో మొదలైన టాఫే సంస్థ ట్రాక్టర్లూ ఈ వారసత్వానివే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణ సగటు కమతం సుమారు ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. అంత చిన్న చేనులో హారో తిరగగలుగుతున్నది ఆ ఎత్తి దింపే వీలుతోనే, అదీ చాలాచోట్ల కిరాయికి.

పత్తికట్టె తీసేసిన చేనులో, తొలకరికి పదును అందినప్పుడు, అంటే పిడికిట నొక్కిన మట్టి ముద్దై, వేలితో తాకితే విడిపోయేటంత తేమ ఉన్నప్పుడు, హారో పని చక్కగా సాగుతుంది. ఆ తేమ మించితే రేగడి బంక పళ్లేలకు అంటుకొని, దానిని గోకి తీయడానికి అమర్చిన పట్టీలు సైతం చాలక, ఎండిన తరువాత పగలని పెళ్లలే మిగులుతాయి. గరిక పాకిన చేనులో మాత్రం ఈ యంత్రం కలుపుకే సాయం చేస్తుంది. కోసిన ప్రతి కణుపూ తడి తగిలితే కొత్త మొక్కై లేస్తుంది కనుక, అక్కడ వేసవిలోనే నాగలితో లోతుదుక్కి దున్ని, వేళ్లను ఏరివేసి, మిగిలినవాటిని ఎండకు మాడ్చడం మేలు. చెరువు కింద వరి కరిగెటకు నీటిలో తిరిగే ఇనుప చక్రాలు ఉండనే ఉన్నాయి, హారోతో అక్కడ అంత పని లేదు. ఏటా ఒకే లోతున హారో తిప్పితే పళ్లెం అంచు ఆగే చోట మట్టి అణగి గట్టి పొరగా మారి, వాన నీటినీ పత్తి తల్లివేరునూ కిందికి పోనీయదు గనుక, కొన్నేళ్లకొకసారి దానికంటే లోతుగా దున్నక తప్పదు.