మాట అందుకునే వేళ

"ఫోన్‌లో మాట్లాడే కంప్యూటర్ నేను చెప్పేది పూర్తికాకముందే అడ్డు తగులుతుంది. పూర్తయ్యాక మాత్రం ఎంతసేపటికీ నోరు విప్పదు. లోకంలో ఉన్న పుస్తకాలన్నీ చదివిందంటున్నారు కదా, ఎప్పుడు మాట్లాడాలో దానికెందుకు తెలియదు?" అని తెనాలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఇంత మంచి ప్రశ్న ఈ మధ్య చూడలేదు. జవాబు వెతుక్కుంటూ వెళితే కంప్యూటర్ కంటే ముందు మనిషే ఎదురవుతాడు. మనం రోజూ చేసే పనుల్లో మాట అందుకోవడమంత వేగంగా, అంత తెలియకుండా చేసేది మరొకటి లేదేమో అనిపిస్తుంది.

ముందు పాత సంగతులు రెండు ముక్కల్లో. 1966లో జోసెఫ్ వైజన్‌బామ్ తయారుచేసిన ఎలైజా అనే ప్రోగ్రామ్ మనిషితో సంభాషించింది గానీ టైపు చేసిన అక్షరాలతోనే. గొంతు విని మాటలు పోల్చుకునే విద్యకు పునాదులు వేసినవారిలో మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ఒకరు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం నుంచి 1976లో వచ్చిన హార్పీ 1,011 మాటలను గుర్తుపట్టేది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2011లో ఐఫోన్‌లో సిరి వచ్చాక యంత్రంతో మాట్లాడటం అందరికీ అలవాటైంది. చాలాకాలం ఈ యంత్రాల పని ఒకటే వరస: గొంతును అక్షరాలుగా మార్చు, జవాబు తయారుచెయ్యి, దాన్ని తిరిగి గొంతుగా మార్చు. ఈ మూడు మెట్లూ ఇప్పుడు బాగానే కుదిరాయి. కుదరంది మాటకూ మాటకూ మధ్య ఖాళీ.

ఆ ఖాళీని మొదట సీరియస్‌గా పట్టించుకున్నది ఇంజనీర్లు కాదు, సామాజిక శాస్త్రవేత్తలు. హార్వీ శాక్స్, ఇమాన్యుయల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ 1974లో ఒక పత్రం ప్రచురించారు. మామూలు కబుర్లను టేపు మీద రికార్డు చేసి, ప్రతి దగ్గునీ ప్రతి ఆగడాన్నీ రాసుకుని చూస్తే వాళ్లకు కనిపించింది ఇది: ఎవరి తర్వాత ఎవరు, ఎంతసేపు అని ముందుగా ఎవరూ నిర్ణయించరు. అయినా చాలావరకు ఒకసారి ఒకరే మాట్లాడతారు. ఒకరి మాటకూ మరొకరి మాటకూ మధ్య ఎడం ఉందో లేదో అన్నట్టుంటుంది.

ఆ ఎడం ఎంత? 2009లో తాన్యా స్టివర్స్ బృందం పది భాషల్లో కొలిచింది. అవును-కాదు జవాబు వచ్చే ప్రశ్నలు తీసుకుని, ప్రశ్న ఆగిన క్షణం నుంచి జవాబు మొదలయ్యే క్షణం దాకా లెక్కగట్టారు. సగటు సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. అందరికంటే వేగం జపనీయులది, సగటున 7 మిల్లీసెకన్లు. అందరికంటే నెమ్మది డేనిష్‌వాళ్లు, 469. కొన్ని జాతులవాళ్లు మౌనానికి అలవాటుపడ్డవాళ్లనీ, బాగా ఆలోచించి గానీ జవాబివ్వరనీ చాలాకాలం పుస్తకాల్లో రాశారు. తీరా కొలిస్తే ప్రతి భాషా ఉమ్మడి సగటుకు అటో ఇటో సెకనులో పావు వంతు దగ్గరే ఆగింది. ఉత్తర ఐరోపాలో, మెక్సికో కొండల్లో, పాపువా న్యూ గినీ దీవిలో మనుషులు ఒకే లయలో మాట అందుకుంటున్నారు!

ఇక్కడే నన్ను ఎప్పుడూ వదలని చిక్కు ఉంది. ఒక బొమ్మ చూపించి పేరు చెప్పమంటే, మాట వెతుక్కుని, దాని ధ్వనులు పేర్చుకుని, నోటిని సిద్ధం చేసుకోవడానికి మనిషికి 600 మిల్లీసెకన్లు పడుతుంది. చిన్న వాక్యమైతే ఒకటిన్నర సెకన్లు. మరి 200 మిల్లీసెకన్లలో జవాబు ఎలా మొదలవుతోంది? అవతలివాళ్లు ఆగాక ఆలోచించడం మొదలుపెడితే ఇది అసాధ్యం. ఆగకముందే జవాబు తయారవుతోంది. అంటే మనం వింటూనే, ఆ మాట ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో ఊహిస్తూ, మన జవాబును నాలుక చివర పెట్టుకుని కూర్చుంటున్నాం. బుర్రకథలో వంతలు కథకుడి చరణం ఆగేదాకా చూసి అప్పుడు గొంతు సవరించుకోరు. చరణం ఎక్కడ వాలుతుందో ముందే తెలిసి అక్కడే అందుకుంటారు. మామూలు కబుర్లలో తాళం ఉండదు, పాఠం ముందుగా తెలియదు. అయినా మనం అదే పని చేస్తున్నాం.

2015లో సారా బోగెల్స్ బృందం దీన్ని మెదడు విద్యుత్తులోనే చూపించింది. తెలుగులో పెట్టి చెబుతాను. "ఆంధ్రకేసరి అని జనం పిలుచుకున్న నాయకుడెవరు?" అన్న ప్రశ్నలో కీలకం మొదట్లోనే దొరికిపోతుంది. "ఏ నాయకుణ్ణి జనం ఆంధ్రకేసరి అని పిలుచుకున్నారు?" అన్నప్పుడు చివరికి గానీ దొరకదు. ఇలాంటి జతలతో క్విజ్ పెట్టి చూస్తే, కీలకం చెవిన పడిన అర సెకనులోపే జవాబును సిద్ధం చేసే గుర్తులు మెదడులో కనిపించాయి. ప్రశ్న ఇంకా సాగుతూనే ఉంది!

పొరబడ్డవారి సంగతి కూడా చెప్పాలి. 1972లో స్టార్కీ డంకన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మాట్లాడేవాళ్లు ముగించేముందు సైగలిస్తారన్నాడు: గొంతు దిగడం, చేతులు ఆగడం వగైరా. సైగలున్న మాట నిజమే. కానీ సైగ చూశాకే జవాబు మొదలుపెట్టాలంటే మన లెక్క కుదరదు. 2006లో నెదర్లాండ్స్‌లో ఒక చక్కని ప్రయోగం చేశారు. రికార్డు చేసిన సంభాషణలు వినిపించి, మాట ఎక్కడ ముగుస్తుందో అక్కడ మీట నొక్కమన్నారు. గొంతులోని ఎత్తుపల్లాలు తీసేసి సమం చేసినా జనం సరిగ్గానే నొక్కారు. రాగం ఉంచి మాటలు అర్థం కాకుండా చేస్తే తడబడ్డారు. ముగింపును ముందుగా చెప్పేది పదాలూ వ్యాకరణమూ అన్నమాట.

అలాగని రాగాన్ని తీసిపారేయలేం. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌ను ఇంటర్వ్యూల్లో మాటిమాటికీ మధ్యలో ఆపుతున్నారెందుకని 1982లో నేచర్ పత్రికలో జెఫ్రీ బియాటీ, మరో ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు. వాక్యం ముగియని చోట కూడా ఆమె గొంతు ముగింపులో దిగినట్టు దిగిపోయేది. అడిగేవాళ్లు ముగిసిందనుకుని దూరేవారు. పదాలు దూరం నుంచి చూపిస్తాయి, ఇదే ఆ చోటని చివరి క్షణంలో రాగం ఖాయం చేస్తుంది.

ఇప్పుడు పాఠకురాలి ఫోన్ దగ్గరికి వద్దాం. అందులో బహుశా వీటిలో ఏదీ లేదు. ఉన్నది ఒక గడియారం. గొంతు ఆగిన దగ్గర్నుంచి అర సెకనో, ఒక సెకనో మౌనం గడిస్తే మీరు ముగించారని అది తీర్మానిస్తుంది. మనుషులు మాట మధ్యలో తీసుకునే విరామాలు చాలాసార్లు ఇద్దరి మాటల మధ్య ఎడం కంటే పెద్దవి. కాబట్టి ఆ గడువును తగ్గిస్తే మీ మాట తెగుతుంది, పెంచితే యంత్రం మొద్దులా కూర్చుంటుంది. ఎక్కడ పెట్టినా తప్పే.

తెలుగులో ఈ లోపం మరీ బాధిస్తుంది, ఎందుకంటే మనది మాట ముగియలేదని వ్యాకరణంతోనే గట్టిగా చెప్పే భాష. "నిన్న బ్యాంకుకు వెళ్లి..." అని ఎవరైనా రెండు సెకన్లు ఆగినా తెలుగువాళ్లెవరూ అందుకోరు. వెళ్లి, వెళ్తే, వెళ్లినా, వెళ్లేసరికి అన్నవి విన్నప్పుడే ఇంకా ఉందని తెలిసిపోతుంది. అటు చూస్తే చెప్పడమా, అడగడమా, కాదనడమా అన్నది క్రియ చివరనే తేలుతుంది. "వచ్చాడు"కూ "వచ్చాడా"కూ తేడా ఒక్క దీర్ఘం. క్రియ ఆఖర్న వచ్చే జపనీసులోనే జవాబు అన్నిటికంటే వేగంగా రావడం చూస్తే, మనకూ ఆ ఆఖరి అక్షరం కోసం కాచుకునే అవసరం లేదనిపిస్తుంది. తెలుగులో ఎవరైనా కొలిచి చూడాల్సిన విషయం ఇది.

ఊ కొట్టడం మరో చిక్కు. కథ వినే పిల్లాడు ఊ కొట్టకపోతే నిద్రపోయాడనుకుంటాం. ఆ "ఊఁ" మాట అందుకోవడం కాదు, సాగించమనడం. చాలా యంత్రాలు దాన్ని అడ్డు తగలడంగా లెక్కవేసి తమ మాట ఆపేస్తాయి.

దీనికి దారి దొరుకుతోంది. స్టాక్‌హోమ్‌లో గాబ్రియేల్ స్కాంట్సే, ఎరిక్ ఎక్‌స్టెట్ మౌనం కోసం చూడకుండా, రాబోయే రెండు సెకన్లలో ఎవరి గొంతు వినిపిస్తుందో నిరంతరం ఊహించే నమూనాను తయారుచేశారు. పారిస్‌లోని క్యుటై ప్రయోగశాల 2024లో విడుదల చేసిన మోషీ ఇంకో అడుగు వేసింది. దానికి వంతులే లేవు. మీ గొంతు ఒక ధారగా, తన గొంతు మరో ధారగా, 80 మిల్లీసెకన్ల ముక్కలుగా రెండూ ఎడతెగకుండా నడుస్తుంటాయి. మీరు మాట్లాడుతున్నంతసేపూ అది తన మౌనాన్ని కూడా ముక్కముక్కగా తయారుచేస్తూనే ఉంటుంది. కాబట్టి మధ్యలో ఊ కొట్టగలదు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా తట్టుకోగలదు. జవాబుకు పట్టే సమయం సుమారు 200 మిల్లీసెకన్లు. మనుషుల సగటే!

అదే ఏడాది ఓపెన్‌ఏఐ తన యంత్రం సగటున 320 మిల్లీసెకన్లలో జవాబిస్తుందని ప్రకటిస్తే అందరూ ఆ వేగాన్నే పొగిడారు. వేగం గొప్పే, కానీ తప్పు చోట వేగంగా దూరడం వల్ల ఒరిగేదేమిటి? ఉపయోగాల మాటకొస్తే, ఈ విద్యంతా ముందుగా సరుకులమ్మే ఫోన్‌కాల్స్‌కే వెళ్తోందని నా బాధ. నత్తి ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చి మాట కూడదీసుకునేవాళ్లు, నెమ్మదిగా మాట్లాడే పెద్దవాళ్లు గడియారపు యంత్రం చేతిలో అందరికంటే ఎక్కువ నలుగుతున్నారు. ఇది ముందు చేరాల్సింది వాళ్లకు.

తెలుగులో అలాంటి యంత్రం రావాలంటే ఏం కావాలో మోషీని చూస్తే తెలుస్తుంది. దానికి ఇద్దరి ధారలూ వేరువేరుగా ఎలా నేర్పారంటే, అమెరికాలో ఎప్పుడో సేకరించిన ఫిషర్ అనే భాండాగారం ఉంది. అందులో రెండు వేల గంటల ఫోన్ సంభాషణలు, ఒక్కొక్కరి గొంతు ఒక్కో దారిలో రికార్డయి ఉన్నాయి. పుస్తకం చదివిన గొంతులు వెయ్యి గంటలున్నా ఈ పనికి రావు. ఇద్దరు మనుషులు అడ్డుపడుతూ, ఊ కొడుతూ, నవ్వుతూ మాట్లాడుకున్నది కావాలి. మన విశ్వవిద్యాలయాల భాషాశాస్త్ర శాఖలు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, అనంతపురం నుంచి ఖమ్మం దాకా, మాట్లాడేవాళ్ల అనుమతితో అలాంటి తెలుగు కబుర్లను రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. అందుకు కావలసినవి రెండు మైకులు, ఓపిక. ఈ వ్యాసం చదివే అధ్యాపకులెవరైనా ఈ పని మొదలుపెడితే పత్రికకు ఒక ఉత్తరం రాయండి.