కారు ఊరికే ఆన్‌లో ఉంచితే బ్యాటరీ నిండుతుందా?

మా చికాగో చలికాలంలో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "పొద్దున్నే కారు స్టార్ట్ చేసి పావుగంట ఉంచితే బ్యాటరీ ఛార్జ్ అయిపోతుంది కదండీ?"

అంత నమ్మకం పెట్టుకోకండి. ఆల్టర్నేటర్‌ని ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. దాని పుల్లీ చిన్నది, అందుకని ఇంజను ఒక చుట్టు తిరిగితే అది రెండు మూడు చుట్లు తిరుగుతుంది. ఆగి ఉన్న కారులో ఇంజను వేగం నిమిషానికి 700, 800 చుట్లే. అప్పుడు 120 ఆంపియర్ల ఆల్టర్నేటర్ కూడా అందులో సగమో, ఇంకా తక్కువో ఇస్తుంది. హీటర్ ఫ్యాను, హెడ్‌లైట్లు, వెనకద్దం డీఫ్రాస్టరు, సీటు హీటర్లు అన్నీ వేశామనుకోండి, వచ్చింది వాటికే సరి. చాలకపోతే బ్యాటరీలోంచే పోతుంది! పైగా గడ్డకట్టే చలిలో బ్యాటరీ ఛార్జిని నెమ్మదిగా తీసుకుంటుంది.

రోడ్డెక్కి ఇంజను 2000 చుట్లు దాటితే దాదాపు పూర్తి కరెంటు వస్తుంది. ఇంకా రేజ్ చేసి లాభం లేదు. వేగం ఎంత పెరిగినా రెగ్యులేటర్ వోల్టేజిని 14 దగ్గరే పట్టి ఉంచుతుంది, లేకపోతే బ్యాటరీ పాడవుతుంది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరు ఈ అంకెను కాస్త అటూ ఇటూ మారుస్తుంటుంది లెండి.

ఇంకో మాట. తలుపు తెరిచే ఉన్నా సరే, గరాజులో ఇంజను ఆన్‌లో వదలకండి. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, పై గదిలో పిల్లలు నిద్రపోతుంటారు.