విటమిన్ డి లోపం, రొమ్ము క్యాన్సర్ ముప్పు: నూజివీడు మామిడి తోటల శ్రామికస్త్రీల సందర్భం

వ్యాససంగ్రహం:
రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉన్న స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని అమెరికాలోని అల్పసంఖ్యాక జాతుల స్త్రీలపై జరిగిన పరిశోధన తెలిపింది. ఆ ఫలితాన్ని నూజివీడు ప్రాంత శ్రామికస్త్రీలకు ఎంతవరకు అన్వయించుకోవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విటమిన్ డి, రొమ్ము క్యాన్సర్, సహసంబంధం, నూజివీడు, శ్రామికస్త్రీలు.

1. ఉపోద్ఘాతం:
బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలకు పేరుపొందిన నూజివీడు 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. సుమారు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న ఈ ప్రాంతంలో ఎండకు కొదవ లేదు. ఆరుబయట పనిచేసేవారికి ఎండ వల్ల లభించే విటమిన్ కొరవడదని అనుకోవడం సహజం. అయితే ఇంతకంటే దక్షిణాన ఉన్న తిరుపతిలో తేలిన లెక్కలు ఈ ఊహకు భిన్నంగా ఉన్నాయి. తిరుపతి స్విమ్స్‌కు చెందిన సి.వి.హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గ్రామీణ పురుషులలో 44 శాతం మందికి, గ్రామీణ స్త్రీలలో 70 శాతం మందికి విటమిన్ డి లోపం ఉంది. పట్టణ స్త్రీలలో ఇది 75 శాతం. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకంటే తక్కువ ఉంటే లోపంగా లెక్కించారు.

2. ఎండ ఉన్నా లోపం ఎందుకు?
చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థంపై అతినీలలోహిత-బి కిరణాలు పడినప్పుడు విటమిన్ డి తయారవుతుంది. అది కాలేయంలో ఒకసారి, మూత్రపిండాలలో మరొకసారి మార్పుచెంది క్రియాశీలమవుతుంది. చర్మవర్ణానికి కారణమైన మెలనిన్ ఈ కిరణాలను అడ్డుకుంటుంది. అందువల్ల నల్లని చర్మం గలవారికి అదే మోతాదు విటమిన్ కోసం ఎక్కువసేపు ఎండ అవసరం. తిరుపతి పరిశోధనల ప్రకారం ఈ మార్పు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎక్కువగా జరుగుతుంది. వేసవిలో కూలీలు తెల్లవారగానే తోటకు వెళ్లి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని చూస్తారు. స్త్రీలు చీర మీద పొడుగుచేతుల చొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టుకుంటారు. చెట్లనీడ సరేసరి. వడదెబ్బ నుంచి కాపాడే ఈ జాగ్రత్తలే విటమిన్ తయారీని తగ్గిస్తాయి. ఆహారం కూడా ఆ లోటును తీర్చదు. మామిడిపండులో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ ఉంటుంది గాని విటమిన్ డి ఉండదు.

3. సహసంబంధమా, కారణమా?
అమెరికాలో 'సిస్టర్ స్టడీ'లో భాగంగా నల్లజాతి, లాటినా స్త్రీలపై జరిగిన పరిశోధన 2022లో వెలువడింది. రొమ్ము క్యాన్సర్ సోకిన తోబుట్టువు గల స్త్రీలే ఇందులో సభ్యులు. తగినంత విటమిన్ డి ఉన్నవారిలో, లోపం ఉన్నవారికంటే క్యాన్సర్ రేటు 21 శాతం తక్కువగా కనిపించింది. విడివిడిగా చూస్తే ఈ తగ్గుదల లాటినా స్త్రీలలో 48 శాతం, నల్లజాతి స్త్రీలలో 11 శాతం మాత్రమే. చర్మవర్ణమే సర్వస్వమైతే ఇంత తేడా ఉండనక్కరలేదు. 'అల్పసంఖ్యాక జాతి' అన్నది సామాజిక విభజన. దాన్ని జీవశాస్త్ర విభజనగా భావించి, ఒక వర్గంపై వచ్చిన అంకెను మరొక వర్గానికి యథాతథంగా అంటగట్టకూడదు.

విటమిన్ డి రొమ్ము కణాల విభజనను నెమ్మదింపజేస్తుందని ప్రయోగశాలలో రుజువైంది. కాని స్థూలకాయం రక్తంలో విటమిన్ డిని తగ్గిస్తుంది. ముట్లుడిగిన తరవాత రొమ్ము క్యాన్సర్ ముప్పునూ పెంచుతుంది. అంటే ఒకే మూలం నుంచి రెండు ఫలితాలు పుట్టి, ఒకటి రెండోదానికి కారణమన్న భ్రమ కలిగించవచ్చు. ఈ చిక్కు విడదీయడానికి యాదృచ్ఛిక పరీక్షలు అవసరమయ్యాయి. 25,871 మందితో జరిగిన 'వైటల్' పరీక్షలో కొందరికి రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 5,000 మందికి పైగా నల్లజాతీయులు కూడా ఇందులో పాల్గొన్నారు. సుమారు ఐదేళ్ల తరవాత 2018లో ప్రకటించిన ఫలితాలలో రొమ్ము క్యాన్సర్ తగ్గిన జాడ లేదు. కాబట్టి తక్కువ విటమిన్ డి ముప్పును సూచించే గుర్తు కావచ్చు. మాత్రతో దాన్ని సరిదిద్దినంతమాత్రాన ముప్పు తొలగుతుందని చెప్పడానికి ఆధారం చాలదు.

4. నూజివీడుకు అన్వయం:
ఈ విచక్షణ లోపిస్తే నష్టపోయేది శ్రామికస్త్రీలే. ఎముకల, కండరాల ఆరోగ్యం కోసం విటమిన్ డి లోపాన్ని సరిచేయడం అవసరమే. అయితే వైద్యుల సలహా లేకుండా పెద్ద మోతాదులు వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. నూజివీడుకు చేరువలోని ఎ.కొండూరు మండలం లంబాడీ తండాలను మూత్రపిండాల వ్యాధి పీడిస్తోంది. అక్కడ ఈ హెచ్చరిక మరింత ముఖ్యం.

అంతకంటే పెద్ద ప్రమాదం, మాత్ర వేసుకుంటున్నామన్న ధీమాతో రొమ్ములోని గడ్డను ఉపేక్షించడం. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ సోకగా, 98 వేల మందికి పైగా మరణించారు. ముంబయిలో లక్షన్నర మంది స్త్రీలపై 20 ఏళ్లపాటు సాగిన టాటా స్మారక ఆసుపత్రి పరిశోధన 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో చేసిన రొమ్ము పరీక్షల వల్ల వ్యాధి తొలిదశలోనే బయటపడింది. 50 ఏళ్లు, ఆపై వయసు స్త్రీలలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఈ పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కరలేదు.

5. ముగింపు:
విటమిన్ డి లోపాన్ని, రొమ్ము క్యాన్సర్‌ను రెండు వేర్వేరు సమస్యలుగా ఎదుర్కోవడమే ఇప్పటి ఆధారాలకు తగిన మార్గం. మొదటిదానికి రక్తపరీక్ష, వైద్యసలహాతో కూడిన మోతాదు, కాల్షియం ఉన్న ఆహారం అవసరం. రెండోదానికి 30 ఏళ్లు దాటిన స్త్రీలకు జాతీయ కార్యక్రమం కింద చేయవలసిన రొమ్ము పరీక్ష క్రమంగా అందాలి. కాయకోత కాలంలో ఒకరోజు కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి వెళ్లడం కష్టం. కనుక ఆ పరీక్ష తోటల దగ్గరకు, తండాలకు వెళ్లినప్పుడే దానికి సార్థకత.