బిషప్పుల సంఘమున సామాన్యుల పెత్తనము

అపోస్తలుల నాటినుండి హస్తనిక్షేపణము ద్వారా పరంపరగా వచ్చుచున్న బిషప్పుల పాలనకు పేరుపడిన అమెరికా ఎపిస్కోపల్ సంఘమును దూరమునుండి చూచువారు, అందు సమస్తమును అంగీలు ధరించిన గురువుల చేతిలోనే యుండునని యూహింతురు. కాని ఆ దేశమున ఏ యూరి ఎపిస్కోపల్ దేవాలయమునకైనను ఆదివారము ప్రొద్దుననే పోయి చూచినచో, తలుపులు తెఱచువారును, బలిపీఠముపై వస్త్రము పఱచువారును, ఆనాటి పాఠమును పెదవులు కదలించుచు వల్లించుకొనువారును, వంటయింట కాఫీకి నీళ్లు పెట్టువారును సామాన్య గృహస్థులే యని తెలియును. ఒకరు బడిపంతులు, ఒకరు నర్సు, మఱియొకరు ఉద్యోగము విరమించిన గుమాస్తా. ఈ పనికి వారిలో నొక్కరికిని జీతము లేదు. వీరందఱును గురువునకు సాయపడుటకు వచ్చినవారని యనుకొనుట సులభము. ఆ సంఘముయొక్క చరిత్రమును, ప్రార్థన పుస్తకమును పరిశీలించినవారికి మాత్రము, ఆరాధన యనునది మొదటినుండియు ఈ ప్రజలదే యనియు, అందు కొంతభాగమును నడపుటకే గురువు అభిషేకింపబడుచున్నాడనియు బోధపడును.

1607లో ఆంగ్లేయులు వర్జీనియాయందలి జేమ్స్‌టౌనున దిగినప్పుడు వారితో గురువు వచ్చెను గాని బిషప్పు రాలేదు. అటుపిమ్మట నూట డెబ్బది యేండ్లకు పైగా ఆ వలసలకు ఇంగ్లండు సంఘము ఒక్క బిషప్పునైనను పంపలేదు. లండను బిషప్పే సముద్రమున కావలినుండి వారి బాగోగులు విచారించుచుండెను. గురుత్వము నభిలషించిన యువకుడు ఓడయెక్కి అట్లాంటిక్ మహాసముద్రమును దాటిపోయి అభిషేకము పొంది రావలసియుండెను. గురువులు దొరకని చోట్ల అక్షరజ్ఞానము గల గృహస్థుడొకడు ప్రార్థనలు చదివి, అచ్చుపడిన ప్రసంగము నొకదానిని వినిపించి, ఆదివారమును గడపుచుండెను. గుడి కట్టించుట, గురువును పిలిపించి జీతమిచ్చుట, ఊరి బీదలను అనాథలను పోషించుట మొదలగు భారములన్నియు వెస్ట్రీ యనబడు పెద్దల సభపై బడెను. వర్జీనియాలోని ట్రూరో పారిష్ వెస్ట్రీలో జార్జి వాషింగ్టను సభ్యుడుగా నుండెను. గురువు స్థిరపడిపోయినచో తమ మాట వినడని తలచి, అతనిని ఏటికేడు ఒప్పందముపై నుంచుకొన్న వెస్ట్రీలును ఆ ప్రాంతమున ననేకములు.

స్వాతంత్ర్య సమరము ముగిసిన పిదప ఈ అలవాటే రాజ్యాంగముగా పరిణమించినది. శామ్యూల్ సీబరీ అను గురువు బిషప్పుగా అభిషేకము కోరి ఇంగ్లండు పోగా, రాజభక్తి ప్రమాణము చేయనిదే వీలుకాదని అచటి శాసనము అడ్డుపడెను. అంతట నాతడు స్కాట్లండునకు పోయి, 1784 నవంబరు 14న అబర్డీను నగరమున ముగ్గురు బిషప్పుల చేతులమీదుగా అభిషిక్తుడయ్యెను. ఫిలడెల్ఫియాయందలి విలియం వైటు అంతకు రెండేండ్లు ముందుగనే ఒక చిన్న పుస్తకము ప్రకటించి, క్రొత్త సంఘమున గృహస్థులకును ఓటు ఉండవలెనని వాదించియుండెను. గృహస్థుల అధికారమునకు జంకిన సీబరీయు, దానిని కోరిన వైటును 1789లో ఒక యొడంబడికకు వచ్చిరి. ఆ యేడే అమెరికా సంఘమునకు సొంత రాజ్యాంగమును, సొంత ప్రార్థన పుస్తకమును ఏర్పడెను. నేటికిని మూడేండ్ల కొకమాఱు సమావేశమగు ఆ సంఘపు మహాసభ రెండు సభలుగా నుండును: ఒకటి బిషప్పులది, రెండవది ప్రతినిధులది. బిషప్పు పాలించు మండలమగు ఒక్కొక్క డయొసీసు నుండి గురువులు, వారికి క్రింది అభిషిక్తులైన డీకనులు కలిసి నలుగురి వరకును, గృహస్థులు నలుగురి వరకును ప్రతినిధుల సభకు వత్తురు. రెండు సభలును అంగీకరింపనిదే ఏ తీర్మానమును నెగ్గదు. బిషప్పులందఱు నొక్కటియైనను గృహస్థులను కాదని శాసనము చేయజాలరు.

ఇది పరిపాలన సంగతి. ఆరాధనయందు గృహస్థుల స్థానమేదో స్పష్టముగా చెప్పినది 1979 నాటి ప్రార్థన పుస్తకము. సంఘ పరిచారకులెవరను ప్రశ్నకు అందలి ప్రశ్నోత్తర బోధ నాలుగు వర్గములను పేర్కొనుచు, మొట్టమొదట గృహస్థులను, తరువాతనే బిషప్పులను, గురువులను, డీకనులను చెప్పుచున్నది. బాప్తిస్మము పొందిన ప్రతివ్యక్తియు పరిచర్యకు పిలువబడినవాడే యనియు, గురుత్వాభిషేకము ఆ పిలుపులో నొక విశేషము మాత్రమే యనియు దీని భావము. ఆదివారమున ప్రభు భోజన సంస్కారమే ప్రధానారాధన యని నిర్దేశించినదియు ఈ పుస్తకమే. అంతకు పూర్వము పెక్కు గుళ్లలో ప్రాతఃకాల ప్రార్థనయే వారములో ముఖ్యారాధనగా నుండి, సంస్కారము నెల కొకమాఱు మాత్రమే జరుగుచుండెను.

ఆదివారపు ఆరాధనకు వాకిట నిలిచి వచ్చువారిని ఆహ్వానించు అషరుతో ఆరంభము. ప్రార్థన పుస్తకమొకటి, 1982 నాటి కీర్తనల పుస్తకమొకటి, క్రమపత్రమొకటి, ఈ మూటి నడుమ ఎప్పుడు నిలువవలెనో, ఎప్పుడు మోకరింపవలెనో తెలియక తికమకపడు క్రొత్తవానికి ఆ మనుష్యుడే దిక్కు. పాట మొదలుకాగానే శిలువ పట్టినవారు ముందు నడువ, కొవ్వొత్తులు పట్టిన బాలబాలికలు, గాయకబృందము, చివరకు గురువు బలిపీఠము వైపునకు సాగిపోదురు. పాత నిబంధన పాఠమును, అపోస్తలుల పత్రికను చదువువారు గృహస్థులే. సువార్తను మాత్రము డీకను గాని గురువు గాని, తఱచుగా ప్రజల నడుమకు దిగివచ్చి, చదువును. మూడేండ్లలో తిరిగివచ్చు పాఠముల పట్టిక ముందుగనే నిర్ణీతమై యుండుటచే, తనకు నచ్చిన వాక్యమును ఎన్నుకొను స్వాతంత్ర్యము చదువరికి లేదు, ప్రసంగము చేయు గురువునకును లేదు. నెబుకద్నెజరు వంటి పేరులు వచ్చిన వారమున చదువరి ఇంటివద్ద పలుమాఱులు పలికి చూచుకొనును. తడబడినచో నవ్వువారుండరు గాని, వాక్యము వినువారి చెవికి చేరకపోవుట ఆతనికే కష్టముగా తోచును.

ప్రసంగము, విశ్వాస ప్రమాణము ముగిసిన తరువాత ప్రజల ప్రార్థనలు వచ్చును. వీని కొఱకు పుస్తకమున ఆఱు మాదిరులు గలవు. సంఘమును, దేశమును, లోకమును, ఊరును, వ్యాధిగ్రస్తులను, గతించినవారిని వరుసగా స్మరించు ఈ విజ్ఞాపనలను నడపువారు తఱచుగా గృహస్థులే. ఆసుపత్రియందున్న వారెవరో, క్రొత్తగా దుఃఖము పాలయిన యిల్లేదో ముందుగా తెలిసికొని వారి పేరులు చేర్చుట వారి పని. అనంతరము కానుకల వేళ, రొట్టెను ద్రాక్షారసమును సభనుండియే ఇరువురు ముగ్గురు విశ్వాసులు బలిపీఠమునకు కొనిపోయి గురువున కందింతురు. గురువు తెచ్చి ప్రజలకిచ్చుటకు ముందు, ప్రజలు తెచ్చి గురువున కిచ్చుట యిందలి క్రమము.

కానుకలకు ముందు వచ్చు సమాధాన వందనము తెలుగు క్రైస్తవులకు పరాయిది కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది ఆంగ్లికన్ లోకమున మొదటి భారతీయ బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఏలిన దోర్నకల్ డయొసీసు, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున కలిసినది. ఆ క్రొత్త సంఘము 1950లో వాడుకకు తెచ్చిన సంస్కార క్రమమునందు, ఆదిమ సంఘపు సమాధాన వందనమును చేతినుండి చేతికి అందించు పద్ధతిలో పునరుద్ధరించినది. ఇచ్చువాని యఱచేతుల నడుమ పుచ్చుకొనువాని చేయి నిలుచు ఆ రీతిని పలుదేశముల ఆరాధన పండితులు మెచ్చి తమ సంస్కరణలకు మాదిరిగా గైకొనిరి. 1979 నాటి అమెరికా పుస్తకమున అందఱును ఒకరినొకరు పలుకరించు ఘట్టమునకు వెనుక మన దేశపు ఈ ప్రభావమును గలదు. గురువు ముఖమునే చూచుచు కూర్చుండిన సభ ఆ క్షణమున ప్రక్కవాని ముఖము చూడవలసి వచ్చుచున్నది.

బలిపీఠపు ముందరి పని యంతయు కంటబడును. వెనుకటి పని కంటబడదు. ఆ పని ఆల్టర్ గిల్డు అను బృందమునకు చెందినది. శనివారమున వచ్చి పాత్రలను తోమి, రొట్టెను లెక్కించి, ద్రాక్షారసమును పోసి, పుష్పములమర్చి, ఋతువునకు తగిన రంగు వస్త్రమును తొడుగుదురు. క్రిస్మసునకు ముందటి ఆగమన కాలమున ఊదా గాని నీలము గాని, క్రిస్మసునకును ఈస్టరునకును తెలుపు, పెంతెకొస్తునకు ఎఱుపు, ఆ పండుగకు పిదపటి దీర్ఘకాలమునకు ఆకుపచ్చ. సంస్కారమైన పిదప పాత్ర అంచును తుడిచిన నారబట్టలను తొలిసారి జాడించిన నీరు మురికికాలువలో పోయుట నిషిద్ధము. నేరుగా నేలలోనికి దిగు తూమున గాని, మట్టిలో గాని పోయుదురు. ఆ బట్టలను పిమ్మట చేతితో ఉతికి, మడతల లెక్క తప్పకుండ ఇస్త్రీ చేయుదురు. పవిత్ర వారమున గురువారపు రాత్రి ఆరాధన ముగియగానే బలిపీఠముపై నున్న సమస్తమును తొలగించి దానిని నగ్నముగా విడుచుటయు, శనివారపు రాత్రి జాగరణకు మరల పూలతో దీపములతో నింపుటయు వీరి వంతే. ఏడాదిలో మిక్కిలి శ్రమ గల ఆ మూడు దినములలో వీరికి మోకరించి ప్రార్థించుకొనుటకు తీరిక యుండదు. ఆ యిస్త్రీయే వారి ప్రార్థన యని గిల్డు పెద్దలు క్రొత్తవారికి నేర్పుదురు.

కొన్ని పనులకు మాత్రము ఇష్టముంటే చాలదు, బిషప్పు అనుమతిపత్రము కావలెను. సంస్కారమున ద్రాక్షారస పాత్రను అందించువారు, ఇల్లు కదలలేని వృద్ధులకు ఆరాధన ముగిసిన వెంటనే రొట్టెను ద్రాక్షారసమును కొనిపోవువారు, గురువు లేని ఆదివారమున ప్రార్థనను నడపువారు, ప్రసంగించువారు, బాప్తిస్మమునకు సిద్ధపడువారికి బోధించువారు ఈ కోవలోనివారు. శిక్షణ పొందినవారికి నియమిత కాలమునకే యీ యనుమతి లభించును. సంస్కారమును ప్రతిష్ఠించుట, పాపక్షమను ప్రకటించుట, ఆశీర్వదించుట గురువునకును బిషప్పునకును మాత్రమే చెల్లును. ఈ గీతను గృహస్థులు దాటరు.

ఇక లోకవ్యవహారమంతయు వెస్ట్రీ చేతిలో నున్నది. మన యెఱుకలోని ధర్మకర్తల మండలి వంటిదే యిది; కాని దీనిని విశ్వాసులే సాంవత్సరిక సభలో ఓట్లతో నెన్నుకొందురు, సాధారణముగా మూడేండ్ల గడువునకు, ఏటేట మూడవ వంతు మాఱునట్లు. వీరి పైని ఇరువురు వార్డెనులుందురు. సీనియరు వార్డెను రెక్టరు అనబడు ప్రధాన గురువునకు ఆంతరంగికుడుగా మెలగగా, జూనియరు వార్డెను పెక్కుచోట్ల కట్టడముల మరమ్మతు చూచును. గుడికప్పు కాఱినను, శీతకాలమున గుడిని వెచ్చబెట్టు యంత్రము ఆగిపోయినను మొదట మ్రోగునది ఆయన ఫోనే. శరదృతువున ప్రతి కుటుంబమును వచ్చు సంవత్సరమునకు తానీయగల మొత్తమును వ్రాసి యిచ్చును. ఆ చీటీల మొత్తమును బట్టి వెస్ట్రీ ఆదాయవ్యయ పట్టిక తయారుచేయును. రెక్టరు పోయినచో, బిషప్పుతో సంప్రదించి క్రొత్త రెక్టరును వెదకి యెన్నుకొనునదియు వెస్ట్రీయే.

గుడి లోపలి యీ అభ్యాసము గుడి వెలుపల నేమి చేయగలదో న్యూయార్కు నగరమునందు చూడవచ్చును. అచటి హోలీ అపోసల్స్ దేవాలయమున 1982 నుండి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుచున్నారు. 1766లో కట్టబడిన సెయింట్ పాల్స్ చాపెలు ప్రపంచ వాణిజ్య కేంద్రమునకు ఎదురుగా నుండియు 2001 సెప్టెంబరు 11 నాటి విధ్వంసమున కూలక నిలిచినది. శిథిలములను తొలగించు అగ్నిమాపకులకును పనివారికిని మాసముల తరబడి రేయింబవళ్లు అదియే భోజనశాలయు, విశ్రాంతిగృహమునయ్యెను. నలుమూలలనుండి, నానా మతములనుండి వచ్చినవారు అచట వడ్డించిరి. అట్టి గుంపును వంతులవారీగా నిలుపుట, ఎవరికే పని తగునో చూచి యప్పగించుట వారమువారమును అదే పని చేయు సంఘమునకు క్రొత్త విద్య కాదు.

ఈ ప్రజాస్వామ్యము అందఱికిని ఒక్కసారిగా దక్కినది కాదని కూడ చెప్పవలెను. వలస కాలపు వెస్ట్రీలు భూస్వాముల సభలు. వారిలో బానిసల యజమానులు పలువురు. 1794లో అబ్సలోం జోన్సు నాయకత్వమున ఫిలడెల్ఫియాలో నల్లజాతివారి సెయింట్ తామస్ సంఘము ఈ శాఖలో చేరినప్పుడు, డయొసీసు సభకు ప్రతినిధులను పంపరాదను షరతుపై చేర్చుకొనిరి. ఆ నిషేధము దశాబ్దముల పాటు సాగెను. బలిపీఠపు బట్టలు ఉతికిన స్త్రీలకు మహాసభలో ప్రతినిధులుగా కూర్చుండు హక్కు 1970లో గాని రాలేదు. గురుత్వమునకు 1976లో అనుమతి లభించెను. ఉతుకుటకు తగిన చేతులు ఓటు వేయుటకు తగవని యెంచిన కాలమంతయు ఆ సంఘము తన ప్రార్థన పుస్తకమును సగమే చదివినదని చెప్పవచ్చును.

నేడు అనేక చిన్న గుళ్లకు పూర్తికాలపు గురువును భరించు శక్తి లేదు. సభ్యులలో వృద్ధులు హెచ్చి, ఉన్న కొందఱిపైననే పనులన్నియు బడుచున్నవి. ఒక్క మనిషియే పాఠము చదివి, లెక్కలు చూచి, కాఫీ కాచి, చివరకు అలసి మానుకొనుట తఱచుగా వినబడు కథ. ఏండ్ల తరబడి ఒకే పనిని పట్టుకొని, దానిని సొంత ఆస్తిగా భావించి, క్రొత్తవారి చేయి సోకనీయని గిల్డు పెద్దలును లేకపోలేదు. ఈ రెండు రోగములకును మందు ఒక్కటే: క్రొత్తగా వచ్చినవానికి రెండవ నెలలోనే ఏదో యొక పని యప్పగించుట. పని దొరకినవాడు ఆ గుడికి అతిథిగా నుండుట మాని దాని మంచిచెడ్డలకు బాధ్యుడగుచున్నాడు. బిషప్పులు లేని కాలమున ఆ సంఘమును బ్రతికించినది ఈ బాధ్యతయే. గురువులు చాలని ఈ కాలమున దానిని బ్రతికింపవలసినదియు నదియే.