పొలం బండి రోడ్డెక్కితే: బరువు పరిమితులు, పర్మిట్ నియమాలు

కోయంబత్తూరు, పొల్లాచి, ఉడుమలపేట ప్రాంతాలలోను, మదురై చుట్టుపట్లను శతాబ్దాల క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం నేటికీ సేద్యాన్నే నమ్ముకొని ఉన్నాయి. 1972లో విద్యుత్ ఛార్జీల పెంపును నిరసిస్తూ నారాయణస్వామి నాయుడు నాయకత్వంలో రైతులు ఎడ్లబండ్లతో కోయంబత్తూరు వీధులను స్తంభింపజేశారు. నేడు ఎడ్లబండి స్థానాన్ని ట్రాక్టరు ఆక్రమించింది. ఎడ్లబండికి లేని చట్టపు కట్టుబాట్లు ట్రాక్టరుకు ఉన్నాయి. అవి తెలియనందున నష్టపోతున్నది రైతు కుటుంబమే.

రెండు వాహనాలు, రెండు లెక్కలు

1988 నాటి మోటారు వాహన చట్టం దృష్టిలో ట్రాక్టరు వేరు, ట్రైలరు వేరు. దేని నమోదు దానిదే. వ్యవసాయ ట్రాక్టరును 1989 నాటి కేంద్ర నియమాలు రవాణాయేతర వాహనంగా పరిగణిస్తాయి. ట్రైలరు విషయంలో మాత్రం నమోదు పుస్తకంలో ఏ వినియోగం రాసి ఉన్నదో చూసుకోవాలి. సొంత పంటను తరలించే బండిపై ఇటుకలు, ఇసుక కిరాయికి తోలితే అది వ్యాపార వినియోగమవుతుంది. అప్పుడు పర్మిట్, ఫిట్‌నెస్ పత్రం అవసరమవుతాయి. వాళయార్ మీదుగా పాలక్కాడు వైపు కిరాయి సరుకు తీసుకొనిపోయేవారు మరొక సంగతి గమనించాలి. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పొరుగు రాష్ట్రంలో దానంతటదే చెల్లదు. అక్కడి రవాణా అధికారి ఆమోద సంతకం గాని, జాతీయ పర్మిట్ గాని ఉండాలి.

ఎంత బరువు?

ఎంత సరుకు ఎక్కించవచ్చునో నమోదు పుస్తకమే చెబుతుంది. అందులోని మొత్తం బరువు నుండి ఖాళీ బండి బరువును తీసివేయగా మిగిలినదే సరుకు పరిమితి. ఉదాహరణకు, మొత్తం బరువు 5,500 కిలోలు, ఖాళీ బరువు 1,500 కిలోలు అయితే 4,000 కిలోలు ఎక్కించవచ్చును. 75 కిలోల ధాన్యపు బస్తాలైతే 53 దాటరాదు.

అనుమానం కలిగితే అధికారి బండిని తూకానికి పంపవచ్చును. అయితే కాటా ముందు దారిలో 10 కిలోమీటర్లలోపు గాని, గమ్యస్థానానికి 20 కిలోమీటర్లలోపు గాని ఉండాలి. 2019 సవరణ ప్రకారం అధిక భారానికి జరిమానా 20,000 రూపాయలు. పైబడిన ప్రతి టన్నుకు మరో 2,000. అదనపు సరుకు దించేవరకు బండి కదలరాదు. తూకానికి ఆపకుండా పోతే జరిమానా 40,000 రూపాయలు.

బలహీనమైన వంతెనలపైన, రోడ్లపైన భారీ వాహనాలను నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. కాబట్టి వంతెన దగ్గరి బోర్డును చదవాలి. గాలి టైర్లు లేని వాహనం రోడ్డెక్కరాదని కూడా చట్టం చెబుతున్నది. దమ్ము చేసిన ఇనుప చక్రాలతోనే ఊరి తారురోడ్డుపైకి రావడం అందువల్ల తప్పు. పొలం గట్టునే చక్రాలు మార్చుకోవాలి.

లైసెన్సు, బీమా

ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టరును తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చును. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాలకు సైతం ఆ లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. పద్దెనిమిదేళ్లు నిండని కుమారునికి స్టీరింగు అప్పగించి, అతని వల్ల నేరం జరిగితే తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ట్రైలరులో మనుషులను ఎక్కించడం. కూరగాయల మూటలతో ట్రైలరులో ప్రయాణిస్తూ మరణించిన ఒక వ్యాపారి కేసులో, పరిహారం బాధ్యత బీమా సంస్థపై లేదని సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పింది. బీమా వర్తించనిచోట పరిహారపు భారం బండి యజమానిపై పడుతుంది. తిరునాళ్లకో పెళ్లికో బంధువులను ట్రైలరులో తీసుకొనిపోయేవారు ఈ తీర్పును మరువరాదు. ఒక్క మలుపులో బండి బోల్తాపడితే ప్రాణాలతో పాటు పొలమూ పోవచ్చును.

నమోదు పుస్తకంలోని రెండు బరువులను ట్రైలరు పక్కన రంగుతో రాయించుకొంటే ఎక్కించే కూలీలకు సైతం పరిమితి తెలుస్తుంది. ట్రాక్టరు బీమాలో ట్రైలరు కూడా చేరి ఉన్నదో లేదో కోతలకు ముందే చూసుకోవడం మేలు.